ఎడమ పక్క పోగు

గడప మీద స్టీలు గిన్నె ఉంది. గిన్నెలో రెండు యాట బొక్కలు ఉన్నాయి, మాంసం లేని ఉత్త ఎముకలు.

శుభ్రంగా కడిగి, ఎండలో ఆరబెట్టి, ఒకదాని పక్కన ఒకటి పడుకోబెట్టిన బొక్కలు. కృష్ణమ్మ ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో చేట పట్టుకుని వాటి ముందు నిలబడిపోయింది. గిన్నె ఎవరిదో తెలుసుకోవడానికి వంగి చూడాల్సిన పని లేదు. అంచు మీద చుక్కలతో చెక్కిన ‘అనంతయ్య – లక్ష్మమ్మ’ అన్న పేర్లు నిలబడిన చోటికే కనబడుతున్నాయి.

రెండిళ్లకూ వాకిలి ఒక్కటే. వాకిలి అటు చివర తోడికోడలు లక్ష్మమ్మ దండెం మీద చీర ఆరేస్తోంది. ఆరేసిన చీరనే తీసి, పిండి, మళ్లీ ఆరేస్తోంది.

“లక్ష్మీ, ఏందిది?”

“పోయిన ఐతారం మా వంతు పోగుల వచ్చినయి అక్కా,” లక్ష్మమ్మ చీర వైపే చూస్తూ అంది. “బావ తన చేతితోని పెట్టినయి. పారేయ బుద్ధి కాలే.”

గొంతులో కోపం లేదు. అందుకే కృష్ణమ్మకు భయం వేసింది. లక్ష్మమ్మ అరిచిన రోజున సాయంత్రానికల్లా మాట కలుస్తుంది. మెత్తగా మాట్లాడితే మాత్రం ఆర్నెల్లు.

ఆ గల్లీలో తొమ్మిది ఇళ్లవాళ్లు ప్రతి ఆదివారం డబ్బులు కలిపి కొన్న మేకనో గొర్రెనో, పొత్తుల యాటను, కోసుకుంటారు. నరికేది ఎవరైనా కావచ్చు, ఇంటికో వాటా చొప్పున పోగులు వేసేది మాత్రం కృష్ణమ్మ భర్త బాలమల్లే. నలభై ఏళ్లుగా ఆ చేతికి తూకం కాంటా అవసరం పడలేదు. తొమ్మిది మోదుగాకులు సగం చక్రంలా పరిచి, మధ్యలో పీట వేసుకుని కూర్చుంటే, తొడ ముక్కలు ఒక వరస, సీనా అనే రొమ్ము ముక్కలు ఒక వరస, కార్జం ఒక వరస, చివర్న బోటి, చెర్బి అనే కొవ్వు. కుడి నుంచి ఎడమకు ఆయన చెయ్యి తిరిగి వచ్చేసరికి తొమ్మిది పోగులూ తొమ్మిది కవల పిల్లల్లా ఉండేవి. వాటిలో ఎడమ చివరిది ఎప్పుడూ తమ్ముడు అనంతయ్యది. చిన్నప్పుడు తండ్రి పోగులు వేస్తుంటే కూడా అన్నకు ఎడమ పక్కనే కూర్చునేవాడు. ఆ అలవాటు ఎవరూ మార్చలేదు.

రెండున్నర నెలల కింద బాలమల్లుకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టేశాయి. కాలు కొంత తిరిగి వచ్చింది, చెయ్యి ఇంకా రాలేదు. పోయిన ఐతారమే మొదటిసారి మళ్లీ పీట మీద కూర్చున్నాడు. కూర్చోబెట్టమని చెప్పింది చేతికి వైద్యం చేసే జెన్నీ. లేచేసరికి ఎనిమిది పోగులు నిండుగా ఉన్నాయి. తమ్ముడి ఆకులో రెండు బొక్కలు, ఇంత చెర్బి.

అనంతయ్య ఒక్క మాట అనలేదు. ఆకు మడిచి చంకలో పెట్టుకుని నడిచిపోయాడు. మిగిలిన ఏడుగురూ ఆ రోజు మబ్బులు ఎంత మంచిగా పట్టాయో మాట్లాడుకుంటూ ఇళ్లకు పోయారు.

“వచ్చే ఐతారం మొయినాబాద్ నుంచి మటన్ షాపు భిక్షపతిని పిలుస్తున్నరు,” లక్ష్మమ్మ చీర అంచు సవరించింది. “కరెంటు కాంటా తెస్తడట. ఇగ ఎవ్వలికి రంది ఉండదు. మిషినికి అన్న తెల్వదు, తమ్ముడు తెల్వదు.”

కృష్ణమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. బొక్కలను ఏం చేయాలో తోచక ఉప్పు డబ్బా వెనక పెట్టింది.

బాలమల్లు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ పక్క గోడకు ఆనుకునేటట్టు మంచం వేసింది కృష్ణమ్మే. ఆమె పళ్లెం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. సగం తిన్నాక, ఆయన మొహాన చెమట తుడుస్తున్నట్టు తుడిచి, పళ్లెం పట్టుకుని మెల్లగా అటుది ఇటు తిప్పింది. ఆయన మిగిలిన సగం తినడం మొదలుపెట్టాడు.

“ఎవలే బయట?”

“పాలామె.”

“పాలామె కాంటా అంటున్నదేంది?”

కృష్ణమ్మ నీళ్ల చెంబు కోసం వెతికింది. చెంబు ఆమె చేతిలోనే ఉంది. బాలమల్లు రెండు ముద్దలు అటూ ఇటూ నెట్టి, చెయ్యి కడిగేసుకున్నాడు. మిగిలిన అన్నం ఎడమ పక్క లేదు, కుడి పక్క లేదు, పళ్లెం నిండా చెదిరి ఉంది. 

* * *

జెన్నీ స్కూటీ పది గంటలకు వచ్చింది.

ఆలూరు ఊళ్లోని శాంతయ్య బిడ్డ. మొయినాబాద్‌లో ఒక సెంటర్లో పని చేస్తుంది. పొద్దున పోతూ దారిలో ఈ చేవెళ్లలో ఆగి, వారానికి మూడు రోజులు బాలమల్లును చూస్తుంది. ఆమె చదివిన చదువు పేరు ఆక్యుపేషనల్ థెరపీ, రోగికి తన పనులు తనే చేసుకోవడం మళ్లీ నేర్పే వైద్యం. దొంతన్‌పల్లి క్యాంపస్‌లో ఎలక్ట్రీషియన్‌గా పని చేసే కృష్ణమ్మ కొడుకు జ్ఞానేశ్వర్ అక్కడెవరో చెప్తే విని పిలుచుకొచ్చాడు గానీ, ఆ పేరు పలకడం వాడికీ రాదు. ఇంట్లో అందరూ చేతుల మేడం అంటారు.

మొదటి రోజు నుంచీ కృష్ణమ్మకు ఆ పిల్ల మీద ఒక అనుమానం ఉంది. దవాఖానలో చెయ్యి పట్టి గుంజేవాళ్లను ఆమె చూసింది. నొప్పి పుట్టించేవాళ్లు, అంటే పని తెలిసినవాళ్లు. ఈ పిల్ల చెయ్యి సంగతి పది నిమిషాలు చూసి, మిగిలిన ముప్పావు గంట ప్రశ్నలు అడిగింది. పొద్దున ఎన్నింటికి లేస్తాడు, బాత్రూం మెట్టు ఎంత ఎత్తు, చూడటానికి ఎవరెవరు వస్తారు, ఎవరు రావడం మానేశారు, ఏ పని చేస్తుంటే టైం తెలియకపోయేది. ఈమె వైద్యానికి వచ్చిందా, జనాభా లెక్కలకు వచ్చిందా అని కృష్ణమ్మ ఆ రోజే కొడుకును అడిగింది. మొత్తం మనిషిని చూడాలట అమ్మా, అన్నాడు వాడు.

ఈ రోజు హెల్మెట్ తీయకముందే కృష్ణమ్మ అందుకుంది.

“మొత్తం మనిషిని చూస్త అన్నవ్ గద బిడ్డా. చూసినవ్. మొత్తం ఇల్లు రెండు ముక్కలైంది.”

జెన్నీ అరుగు మీద కూర్చుంది. కృష్ణమ్మ బొక్కల సంగతి, మబ్బుల సంగతి, కాంటా సంగతి అన్నీ చెప్పింది. మధ్యలో జెన్నీ సముదాయించబోతే అదీ వినలేదు. మంచాన పడ్డ మనిషిని లేపి పీట మీద కూర్చోబెట్టమని ఎవరు చెప్పారు, చేతికి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే సరిపోయేది కదా, పక్క గల్లీలో పక్షవాతం వచ్చిన ఆయనకు బంతి ఇస్తే ఎవరింట్లోనూ బొక్కలు రాలేదు కదా అని వరసగా అడిగింది.

జెన్నీ అన్నీ విని ఒక్కటే అడిగింది.

“తక్కువైన ఆకు ఏ పక్కనున్నది అమ్మా?”

“ఏ పక్కనేంది. ఎప్పటి పక్కనే. ఎడమ పక్క.”

జెన్నీ సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి, వెనక పేజీలకు వెళ్లి, చాలాసేపు చూసింది. మొదటి వారంలో పెట్టిన పరీక్ష కాగితం అందులో అతికించి ఉంది. కాగితం నిండా చిన్న చిన్న గీతలు, అన్నిటి మీదా బాలమల్లు కొట్టిన అడ్డగీతలు.

“ఒక్కటి గూడ ఇడువలే,” జెన్నీ తనలో తను అనుకుంటున్నట్టు అంది. “కుడి పక్కయి కొట్టిండు, ఎడమ పక్కయి కొట్టిండు. గిట్లెట్ల?”

కృష్ణమ్మ చూపు ఉప్పు డబ్బా వైపు పోయింది.

ఆ రోజు కాగితం జారుతోందని పట్టుకున్నది ఆమే. ఈ పిల్ల అటు తిరిగి ఫోన్లో ఏదో రాసుకుంటుంటే, పట్టుకున్న కాగితాన్ని మెల్లగా తిప్పిందీ ఆమే. ఎందుకు తిప్పిందో అప్పుడు ఆలోచించలేదు. పళ్లెం తిప్పినట్టే తిప్పింది. చేతికి అలవాటైపోయింది.

“అమ్మా, బాపుకు ఇంత అన్నం పెట్టుండ్రి.”

“ఇప్పుడే తిన్నడు.”

“రెండు ముద్దలే. పప్పు ఒక పక్కకు, కూర ఒక పక్కకు.”

కృష్ణమ్మ పెట్టింది. జెన్నీ లోపలికి వచ్చి, బాలమల్లును మంచం దింపి గోడకు ఆనించి కూర్చోబెట్టి, పళ్లెం ఆయన ముందు నేల మీద పెట్టింది. తర్వాత కృష్ణమ్మను ఎదురుగా కూర్చోమని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకోమంది.

“నాకెందుకు బిడ్డా? నా చేతులు మంచిగనే ఉన్నయి.”

“జర ఎక్కువనే మంచిగున్నయి,” అంది జెన్నీ.

బాలమల్లు తిన్నాడు. పప్పు వైపు అన్నం తిన్నాడు, పప్పు తిన్నాడు, మెతుకు లేకుండా వేలితో తుడిచి తిన్నాడు. పళ్లెం మధ్యలో కత్తితో కోసినట్టు ఒక గీత వచ్చింది. గీతకు ఎడమ పక్క అన్నం, బీరకాయ కూర పెట్టినట్టే ఉన్నాయి. ఆయన తల ఎత్తి భార్యను చూశాడు.

“కూర చెయ్యలేదానే ఇయ్యాల?”

తొడల కింద కృష్ణమ్మ చేతులు గింజుకున్నాయి. వాటిని అదిమి పట్టి, గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఈలోగా ఆమె కుడి కాలి బొటనవేలు మెల్లగా ముందుకు జరిగి, పళ్లెం అంచుకు తగిలి, దాన్ని తిప్పడం మొదలుపెట్టింది.

“అమ్మా,” అంది జెన్నీ. “కాలు గూడ.”

కృష్ణమ్మ కాలు వెనక్కి తీసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయింది గానీ చేతులు కింద ఉన్నాయని గుర్తొచ్చి, అట్లాగే ఏడ్చింది. ఏడుస్తూ చెప్పింది. దవాఖాన నుంచి వచ్చిన మూడో రోజే ఆమె చూసింది. సగం పళ్లెం వదిలేస్తున్నాడు. సగం మొహానికే సబ్బు పెడుతున్నాడు. ఎడమ పక్క నిలబడి పిలిస్తే కుడి పక్క వెతుకుతున్నాడు. డాక్టరు చెయ్యి, కాలు అన్నాడు, ఇది చెప్పలేదు. చెప్తే ఊళ్లో పిచ్చి పట్టింది అంటారు. అందుకే మంచం గోడకు వేసింది, వచ్చినవాళ్లను కుడి పక్కనే కూర్చోబెట్టింది, గడ్డం తనే గీసింది, ఎవరేం అడిగినా తనే జవాబు చెప్పింది. ఐతారం నాడు కూడా వెనకాల నిలబడి ఆకులు జరుపుదాం అనుకుంది. పొయ్యి మీద ఎసరు పొంగితే లోపలికి పోయింది. వచ్చేసరికి అనంతయ్య ఆకు మడుస్తున్నాడు.

జెన్నీ కోప్పడలేదు. అదే కృష్ణమ్మకు ఇంకా కష్టంగా ఉంది.

“కండ్లు మంచిగున్నయి అమ్మా. చూసిన దాన్ల ఎడమ పక్కది మెదడు లెక్కలకు తీసుకుంటలేదు. ఆయనకు ఇడుస్తున్న అని గూడ తెల్వది. మీరు తెల్వనియ్యలే. రెండు నెలల సంది బాపుకు ఎడమ పక్క మీరే అయిన్రు.”

“నాకు కానొస్తలేదా?” అన్నాడు బాలమల్లు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడన్న సంగతి మరిచిపోయి మాట్లాడుకుంటున్నారు.

జెన్నీ ఆయన గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, తల మెల్లగా ఎడమకు తిప్పింది. ఇంకా తిప్పింది. ఆయన కళ్లు పళ్లెం అంచు దాకా వెళ్లి ఆగాయి.

“గీ బీరకాయ ఎప్పుడు పెట్టినవే?”

 ఆయన కూరను చూశాడు, గీతను చూశాడు, భార్య మొహం చూశాడు. అప్పుడు అడిగాడు.

“తమ్ముని ఆకుల ఏమేసిన?”

కృష్ణమ్మ తొడల కింది నుంచి చేతులు తీసింది. లేచి వెళ్లి ఉప్పు డబ్బా వెనక నుంచి గిన్నె తెచ్చి, ఆయన కుడి పక్కన పెట్టబోయి, ఆగి, ఎడమ పక్కన పెట్టింది. ఆయన తనంతట తను తల తిప్పి వెతుక్కుని చూశాడు. 

“ఐతారానికి ఎన్ని దినాలున్నయి?”

“మూడు,” అంది జెన్నీ.

* * *

ఆ మూడు రోజులు ఇల్లు ఇల్లులా లేదు.

మొదట మంచం తిరిగింది. గోడ కుడి పక్కకు పోయి, ఎడమ పక్క తలుపు వచ్చింది. నీళ్ల చెంబు, ఫోను, బీడీ కట్ట అన్నీ ఎడమకు పోయాయి. బీడీ కట్టను మాత్రం బాలమల్లు మొదటి పూటే కనిపెట్టాడు. ఎవరైనా ఎడమ పక్క నుంచే పలకరించాలని జెన్నీ ఖరారు చేసింది. దాంతో పొద్దంతా “ఎక్కడ సచ్చినవే” అన్న కేక ఇంట్లోంచి వినబడుతూనే ఉంది. కృష్ణమ్మ చెయ్యి చాచితే అందేంత దూరంలో నిలబడి, అందకుండా, “ఈడనే ఉన్న, చూడు” అంటూనే ఉంది.

పోగుల పని టమాటాలతో మొదలైంది. తొమ్మిది ఆకులు పరిచి, ఎడమ చివరి ఆకు పక్కన జెన్నీ ఒక రాయి పెట్టి, దానికి మొహం తుడుచుకునే ఎర్ర దస్తీ చుట్టింది. ప్రతి వరసకూ ముందు తల తిప్పి దస్తీ కనబడేదాకా వెతకాలి. కనబడ్డాకే చెయ్యి కదలాలి. బంతి పిసికితే చెయ్యి బాగవుతుందేమో గానీ, బాపు బంతి పిసకడానికి పుట్టలేదు కదా అంది ఆ పిల్ల. ఆ మాటకు బాలమల్లు మొదటిసారి నవ్వాడు. మూతి ఒక పక్కకే వచ్చింది, అయినా నవ్వే.

కృష్ణమ్మకు కూడా వేరే ఎక్సర్‌సైజు ఇచ్చింది జెన్నీ. ఆయన ఆగిపోయినప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టాలి. కృష్ణమ్మ ఒక్క ఊపిరిలో ఇరవై చెప్పేసి చెయ్యి చాచేది. అది లెక్క కాదని జెన్నీ అంటే, తను చదువుకోలేదని, తమ ఇంట్లో ఇరవై అంటే ఇంతేనని వాదించేది. శుక్రవారానికి పన్నెండు దాకా నిదానంగా రాగలిగింది. ఆ వారంలో ఆ ఇంట్లో ఎక్కువ కష్టపడింది ఎవరంటే కృష్ణమ్మేనని జ్ఞానేశ్వర్ తేల్చాడు.

శనివారం పగటిపూట ఆమె వాకిలి దాటి మరిది ఇంటికి వెళ్లింది. అనంతయ్య కుర్చీలో కూర్చుని క్యారెట్ విత్తనాల సంచీ మీద రాసింది చదువుతున్నాడు. లక్ష్మమ్మ చాయ్ పెట్టలేదు, కూర్చోమనలేదు. కృష్ణమ్మ నిలబడే అన్నీ చెప్పింది, కాగితం తిప్పిన సంగతితో సహా.

అనంతయ్య సంచీ పక్కన పెట్టాడు.

“కండ్లు మంచిగున్నయి అంటున్నవ్ వదినే.”

“మంచిగనే ఉన్నయి.”

“ఎడమ దిక్కే కానొస్తలేదు అంటున్నవ్.”

“అవును.”

“ఎడమ దిక్కు ఉన్నది నేనే. అంటే రోగం గూడ నన్ను చూసుకొనే వచ్చిందా?”

  పొలం నీళ్ల కోసం బోరు మోటారు దగ్గర మూడేళ్ల కింద అన్నదమ్ములు పోట్లాడి అనుకున్న మాటలు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అనంతయ్య లేచి గుమ్మం దాకా వెళ్లి వచ్చాడు. భిక్షపతి వస్తాడు, కాంటా వస్తుంది, అన్నాడు. అన్ననే పోగులు వెయ్యనీ. వేసినాక తొమ్మిదీ తూకం వేద్దాం. యాభై గ్రాములు అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. అన్నీ సమానం వస్తే కాంటా తిరిగి మొయినాబాద్ పోతుంది. ఒక్కటి తేడా వచ్చినా, ఇక ఆ పీట తీసి లోపల పెట్టాలి.

ఆ మాట విని బాలమల్లు సరే అన్నాడు. అదొక్కటే మాట. తర్వాత టమాటాలు మళ్లీ తెమ్మన్నాడు.

* * *

ఐతారం ఎనిమిది గంటలకే గల్లీవాళ్లంతా బాలమల్లు ఇంటి వెనక చేరారు. కోసేది ప్రతివారం ఉండేదే, కాంటాను చూడటానికి వచ్చినవాళ్లే ఎక్కువ. భిక్షపతి దాన్ని స్టూలు మీద పెట్టి, సున్నా వచ్చేదాకా రెండుసార్లు చేత్తో తట్టాడు. జెన్నీ చర్చి బట్టల్లోనే వచ్చింది. ప్రార్థనకు అరగంట ఆలస్యమవుతానంటే తండ్రి శాంతయ్య, యాటపోగుల కోసమా అని ఒకటికి రెండుసార్లు అడిగి పంపాడట.

ఎవరూ మాట సాయం చేయొద్దని ఆమె అందరికీ చెప్పింది. కృష్ణమ్మకు విడిగా ఇంకోసారి చెప్పింది. కృష్ణమ్మ వెళ్లి బియ్యం బస్తా మీద కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుంది. చూసినవాళ్లు ఆమెకు చలి పెడుతోందేమో అనుకున్నారు.

బాలమల్లు పీట మీద కూర్చున్నాడు. అనంతయ్య వచ్చి, ఎప్పటి చోటనే, ఎడమ పక్కన గొంతుక్కూర్చున్నాడు. అన్న మొహం చూడలేదు. రాయికి చుట్టిన దస్తీని చూశాడు.

మొదటి వరస తొడ ముక్కలు. కుడి నుంచి ఒకటి, రెండు, మూడు. చెయ్యి బాగానే తిరిగింది. ఆరో ఆకు దగ్గర ఆగింది.

మూడు ఆకులు ఖాళీగా ఉన్నాయి. బాలమల్లు రెండో వరసకు సీనా ముక్కల మీద చెయ్యి వేశాడు.

కృష్ణమ్మ లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. భిక్షపతి గొంతు సవరించుకుంటే జెన్నీ వేలు చూపించి ఆపింది. ఏడు. ఎనిమిది. లక్ష్మమ్మ కొంగు బిగించింది. పన్నెండు. పన్నెండు దాటి ఎప్పుడూ పోలేదు కృష్ణమ్మ. పదమూడు ఎట్లా ఉంటుందో కూడా మరిచిపోయింది. పదహారు దగ్గర బస్తా మీద ఒక వైపుకు ఒరిగింది. పదిహేడు.

బాలమల్లు చెయ్యి సీనా మీద ఆగింది. మెడ కదిలింది. తుప్పు పట్టిన తలుపులా కొంచెం కొంచెంగా ఎడమకు తిరిగింది, ఏడో ఆకు, ఎనిమిదో ఆకు, తొమ్మిదో ఆకు, ఎర్ర దస్తీ. దస్తీ దాటి ఇంకొంచెం తిరిగి, తమ్ముడి మోకాలి మీద ఆగింది.

ముందు ఆ మూడు ఆకుల్లో తొడ ముక్కలు పడ్డాయి. తర్వాత ఆపినవాళ్లు లేరు. ప్రతి వరసకూ ముందు మెడ తిరిగింది, ఆ తర్వాత చెయ్యి. మూడో వరసకు పాత చప్పుడు వచ్చింది, ఆకు మీద ముక్క పడే మెత్తని చప్పుడు, ఒకే తీరున తొమ్మిదిసార్లు. కార్జం కోసేటప్పుడు భిక్షపతి ముక్క పెద్దగా కొడితే, ఇది రెండు చెయ్యి అని బాలమల్లు పాత గొంతుతో అన్నాడు. గల్లీవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కృష్ణమ్మ చేతులు తిమ్మిరెక్కి, ఉన్నాయో లేవో తెలియకుండా పోయాయి.

ఇక కాంటా.

మొదటి పోగు కిలో నూట ఇరవై గ్రాములు. రెండోది కిలో నూట పది. మూడోది, నాలుగోది నూట ఇరవై. అయిదోదానికి నూట ముప్పై వస్తే, అది చెర్బి తేడా అని భిక్షపతే సర్ది చెప్పాడు. ఎనిమిది పోగులు దిగేసరికి అతని మొహంలో వృత్తి తెలిసినవాడి మర్యాద వచ్చింది. కాంటాను మూటగట్టే గుడ్డ కోసం చూసుకున్నాడు.

తొమ్మిదోది పెట్టాడు. ఎర్ర అంకెలు పైకి పోయి, ఊగి, నిలబడ్డాయి.

కిలో మూడు వందల అరవై.

భిక్షపతి ఆకు తీసి, సున్నా చూపించి, మళ్లీ పెట్టాడు. కిలో మూడు వందల అరవై.

అనంతయ్య లేచి నిలబడ్డాడు. అందరూ జెన్నీ వైపు తిరిగారు. ఇది రోగమా కాదా అని లక్ష్మమ్మ అడిగింది. జెన్నీ తప్పించుకోలేదు. కొత్తగా ఎడమ పక్క వెతకడం నేర్చినవాళ్లకు అటు చెయ్యి ఎక్కువ పోతుంది, అట్లా కావచ్చు అంది. మనసులో పెట్టుకుని వేసింది కూడా కావచ్చు.

“నాకు తెల్వది,” అంది. “ఆయన్నే అడుగుండ్రి.”

“అన్నా,” అనంతయ్య అడిగాడు. “ఇది తెలిసి ఏసినవా, తెల్వక ఏసినవా?”

 కృష్ణమ్మకు ప్రశ్న రెండు వైపులా కనబడింది. తెలియక వేశాడంటే కాంటా ఉంటుంది, పీట లోపలికి పోతుంది. తెలిసి వేశాడంటే తమ్ముడికి ఎక్కువ వేసినవాడి చేతికి మిగతా ఇళ్ల పోగులు ఎవరిస్తారు? ఆ ఇళ్లవాళ్ల మొహాలు ఇప్పటికే కొంచెం ముందుకు వంగాయి.

రెండున్నర నెలలుగా ఆయన్ను ఎవరేం అడిగినా జవాబు ఆమె నోట్లో తయారుగా ఉండేది. ఇప్పుడూ నోరు తెరిచింది. తెరిచాక తెలిసింది, ఈ ఒక్కదానికి జవాబు ఆమెకు తెలియదని. మూసేసింది.

బాలమల్లు కుడి చెయ్యి తువ్వాలకు తుడుచుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే మెడ ఎడమకు తిప్పాడు. దస్తీ దగ్గర ఆగలేదు, మోకాలి దగ్గర ఆగలేదు, తమ్ముడి మొహం దాకా తెచ్చి ఆపాడు.

“ఎక్కువైతే ఇంతమందిల అడుగుతున్నవ్. పోయిన ఐతారం తక్కువైననాడు ఎందుకడగలే తమ్మీ?”

“మోటారు కాడి మాటలు మనసుల వెట్టుకొని…” అని అనంతయ్య అందుకున్నాడు. 

మాట పూర్తి కాకముందే వెనక నుంచి లక్ష్మమ్మ చెయ్యి వచ్చి ఆయన అంగీ కొసను గట్టిగా పట్టుకుంది.